సోలార్ లీజుకు ఇవ్వబోతున్న ఇరవై ఎకరాల మెట్ట: ఆ కౌలు నా ఆదాయమా, మా అవిభక్త కుటుంబానిదా?

మెట్టపొలం మాస్టారు (పత్తికొండ), ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను పత్తికొండ దగ్గర ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. మా నాన్నగారు 2022లో కాలం చేశారు. ఆయన పేరున ఉన్న పట్టాదారు పాసుపుస్తకంలో ఇరవై ఎకరాల మెట్ట భూమి ఉంది. ఎర్రనేల. వాన కురిసిన ఏడు వేరుశనగ, కురవని ఏడు ఏమీ లేదు. అమ్మ మా ఊళ్లోనే ఉంటుంది. మేము ముగ్గురం సంతానం. అక్క పెద్దది, 1996లో పెళ్లయి ప్రొద్దుటూరులో ఉంటోంది. తరువాత నేను, నా తరువాత తమ్ముడు. తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కాపురాలు వేరైనా పొలం ఇప్పటిదాకా పంచుకోలేదు. కాయలు అమ్మిన డబ్బు ఏ ఏటికా ఏడు అమ్మ చేతికే ఇస్తున్నాం. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కనుక అది ఎవరి ఆదాయమన్న ప్రశ్న మా ఇంట్లో ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు ఒక సోలార్ కంపెనీ మా చుట్టుపక్కల భూములను దీర్ఘకాలిక లీజుకు తీసుకుంటోంది. ఎకరాకు ఏడాదికి ముప్ఫై వేల చొప్పున మా ఇరవై ఎకరాలకు ఆరు లక్షలు వస్తాయి. కంపెనీ తరఫున వచ్చిన మనిషి, డబ్బు వేయడానికి ఒకే ఖాతా, ఒకే పాన్ కావాలని, ఊరికి దగ్గరగా ఉన్నది నేనే కాబట్టి నాది ఇస్తే పని సులువవుతుందని అంటున్నాడు. స్టాండర్డ్ డిడక్షన్ పోను నా జీతం 11,60,000 రూపాయలు. కొత్త విధానంలో నాకు ప్రస్తుతం పన్ను పడడం లేదు. దీనికి ఆరు లక్షలు కలిపి చూసుకుంటే 17,60,000 మీద సెస్సుతో సహా 1,58,080 రూపాయలు తేలింది. అమ్మకూ అక్కకూ తమ్ముడికీ వెళ్లవలసిన డబ్బుకు కూడా పన్ను నేను కట్టడం ఎట్లా న్యాయమవుతుందో అర్థం కాలేదు.

ఇద్దరు ఆడిటర్లను అడిగాను. ఒకరు, కుటుంబం పేరున హెచ్‌యూఎఫ్ (హిందూ అవిభక్త కుటుంబం) పాన్ తీయించండి, మీరే కర్త (కుటుంబ వ్యవహారాలు నడిపే పెద్ద), మొత్తం దానిలో చూపండి అన్నారు. మరొకరు, 1956 తరువాత తండ్రి చనిపోయి కొడుక్కి వచ్చిన ఆస్తి ఆ కొడుకు సొంత ఆస్తే, హెచ్‌యూఎఫ్ అన్న మాటే కుదరదు అన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే. వీరిలో ఎవరి మాట సరైనదో తెలిసినవారు చెప్పగలరు.

సీమ ఇన్వెస్టర్ (కర్నూలు):

మాస్టారూ, ఇంత ఆలోచన అక్కరలేదు. హెచ్‌యూఎఫ్ పాన్ ఎవరైనా తీసుకోవచ్చు. పెళ్లయి ఉంటే చాలు. పాన్ రాగానే బ్యాంకులో ఖాతా తెరిచి, బంధువుల చేత పదకొండు వేలో, ఇరవై వేలో బహుమతిగా వేయించి, ఆ పైన ఏ ఆదాయమైనా అందులోకి మళ్లించవచ్చు. మా వీధిలో పది మంది ఇట్లాగే చేశారు.

సివిల్ వకీలు (కర్నూలు):

పై సలహాను దయచేసి పాటించవద్దు. పాన్ కార్డు కుటుంబాన్ని పుట్టించదు. ఉన్న కుటుంబానికి పన్నుల శాఖ ఇచ్చే అంకె మాత్రమే అది. హిందూ అవిభక్త కుటుంబం ధర్మశాస్త్రం నుంచి వచ్చిందే గాని ఆదాయపు పన్ను చట్టం సృష్టించినది కాదు. 1922 నాటి చట్టమూ, 1961 నాటి చట్టమూ దానిని ఒక ‘వ్యక్తి’గా గుర్తించాయే తప్ప, అది ఎట్లా ఏర్పడుతుందో నిర్వచించలేదు. అందుచేత మీ ఆడిటర్లిద్దరిలో ఎవరి మాట సరైనదన్నది మీ భూమి మీ నాన్నగారికి ఏ దారిన వచ్చిందన్న దానిమీద ఆధారపడుతుంది. ఇద్దరూ సగం సగం సరి కావడానికీ అవకాశం ఉంది.

మూడు విషయాలు చెప్పండి. ఇరవై ఎకరాలూ మీ నాన్నగారికి ఒకేసారి వచ్చాయా, వేర్వేరు కాలాల్లో వచ్చాయా? ఆయనకూ ఆయన అన్నదమ్ములకూ మధ్య పారికత్తు (భాగపంపకాల దస్తావేజు) ఏదైనా రాసుకున్నారా, రాసుకుంటే అది రిజిస్టరు అయిందా? మీకు మేనత్తలు ఉన్నారా? మూడవ ప్రశ్న అనవసరమనిపించవచ్చు గాని, నా దగ్గరికి వచ్చే దావాల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంటుంది.

ఇంకొక మాట. పాసుపుస్తకంలో నాన్నగారి పేరు ఒక్కటే ఉన్నందువల్ల భూమి ఆయన ఒక్కరిదే అనుకోవద్దు. మన సీమ 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో కాలం నుంచి సర్కారు రైతుతో నేరుగా శిస్తు మాట్లాడుకుంటూ వచ్చింది. పట్టా అన్నది శిస్తు ఎవరు కట్టాలో చెప్పే కాగితంగా మొదలైంది. ఆ ఇంట్లో ఎవరి వాటా ఎంతో అది అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పదు.

మెట్టపొలం మాస్టారు (పత్తికొండ):

వకీలు గారికి కృతజ్ఞతలు. ఆదివారం ఊరికి వెళ్లి అమ్మ ట్రంకుపెట్టె తీయించి చూశాను. 1974 నాటి పారికత్తు దొరికింది, పత్తికొండ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరయినదే. జేజినాయన (నాన్నకు తండ్రి), మా నాన్న, మా చిన్నాయన ముగ్గురూ భాగాలు పంచుకున్నారు. ఆస్తి అంతా జేజినాయనకు వాళ్ల నాయన నుంచి వచ్చిందని మొదటి పేజీలోనే రాసి ఉంది. ‘బి’ షెడ్యూలులో మా నాన్నకు పదహారు ఎకరాలు చూపారు: తూర్పు వంక (వాగు), పడమర చిన్నాయన భాగం, ఉత్తరం డొంకదారి. జేజినాయన తన భాగంగా ఎనిమిది ఎకరాలు ఉంచుకున్నాడు. ఆయన సంతకం ఉండవలసిన చోట వేలిముద్ర, దాని పక్కన ‘నిశాని’ అని కరణం చేతిరాత ఉన్నాయి.

జేజినాయన 1983లో చనిపోయాడు. ఆ ఎనిమిది ఎకరాలను నాన్న, చిన్నాయన చెరి నాలుగు చేసుకున్నారు. వీలునామా లేదు. మేనత్తలు లేరు, జేజి అంతకు ముందే పోయింది. ఆ పదహారూ ఈ నాలుగూ కలిసి ఇరవై అయ్యాయి.

కాగితంలో ‘మీరూ, మీ పుత్రపౌత్ర పారంపర్యమూ దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో అనుభవించుకొనవలయును’ అని ఉంది. మనుమల దాకా వస్తుందని రాశారు కనుక ఇది పిత్రార్జితమే అనుకోవచ్చా?

సివిల్ వకీలు (కర్నూలు):

ఆ వాక్యాన్ని పట్టుకోకండి. అది దస్తావేజు రాసేవారి అలవాటు మాట. నిన్న మొన్న ఇంటి స్థలం కొన్నవారి క్రయపత్రంలో కూడా పుత్రపౌత్రులు కనిపిస్తారు. పూర్తి హక్కులతో ఇస్తున్నామని చెప్పడమే దాని ఉద్దేశం. మీకు పనికివచ్చేది మొదటి పేజీలోని మాట, అంటే ఆస్తి మీ జేజినాయనకు వాళ్ల నాయన నుంచి వచ్చిందన్న మాట.

మనకు వర్తించేది మితాక్షర సంప్రదాయం. కల్యాణి చాళుక్యుల రాజు ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన వ్యాఖ్యానమది. పిత్రార్జితంలో సంతానానికి పుట్టుకతోనే వాటా ఉంటుందన్నది దానిలోని మూలసూత్రం. అట్లా పుట్టుకతో వాటా పొందినవారినే కోర్టులు కోపార్సినర్లు అంటాయి. 1974లో పంపకంలో మీ నాన్నగారికి దక్కిన పదహారు ఎకరాలు చిన్నాయనగారితో చూస్తే విడి ఆస్తి. తన సంతానంతో చూస్తే మాత్రం పిత్రార్జితమే. భాగం పంచుకున్న మనిషి తన భార్యాబిడ్డలతో కలిసి కొత్త అవిభక్త కుటుంబం అవుతాడని సుప్రీంకోర్టు 1969లో ఎన్.వి. నరేంద్రనాథ్ కేసులో చెప్పింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినదే. అక్కడ ఆ మనిషికి భార్య, ఇద్దరు చిన్న ఆడపిల్లలు మాత్రమే ఉన్నారు, కొడుకులు లేరు. అయినా అది అవిభక్త కుటుంబమే అయింది.

జేజినాయన నుంచి 1983లో వచ్చిన నాలుగు ఎకరాల సంగతి వేరు. 1956 జూన్ 17న అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం తండ్రి సొంత భాగం కొడుక్కి వారసత్వంగా వస్తే అది ఆ కొడుకు వ్యక్తిగత ఆస్తి అవుతుందని, అందులో మనుమలకు పుట్టుకతో హక్కు రాదని 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. మీ రెండవ ఆడిటరుగారు చెప్పిన సూత్రం ఇదే. అది నాలుగు ఎకరాలకు సరిపోతుంది, పదహారుకు సరిపోదు.

ఇక 2022లో ఏం జరిగిందో చూద్దాం. ఆడపిల్లలకు కోపార్సినర్ హోదా దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9న వచ్చింది గాని, మన రాష్ట్రం అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేట్టు, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు దానిని ఇచ్చింది. మీ అక్కగారి పెళ్లి 1996లో కనుక ఆమె ఏ చట్టం ప్రకారం చూసినా కోపార్సినరే. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పు తరువాత ఇందులో వాదనకు తావు లేదు. కాబట్టి పదహారు ఎకరాలలో నాన్నగారు, అక్కగారు, మీరు, తమ్ముడు నలుగురూ సమాన భాగస్థులు. ఆయన మరణానికి ముందు క్షణంలో పంపకం జరిగినట్టు ఊహించి లెక్క వేయమని హిందూ వారసత్వ చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. ఆ లెక్కన ఆయన భాగం నాలుగు ఎకరాలు. తండ్రీబిడ్డల పంపకంలో తల్లికి కూడా వాటా ఇచ్చే పద్ధతి బొంబాయి వైపు ఉంది. మన దక్షిణాదిలో లేదు. కనుక అమ్మగారికి ఈ మెట్టులో ఏమీ రాదు, తరువాతి మెట్టులో వస్తుంది.

నాన్నగారి ఆ నాలుగు ఎకరాలు, జేజినాయన నుంచి వచ్చిన మరో నాలుగు, మొత్తం ఎనిమిది ఎకరాలు వారసత్వంగా అమ్మగారికి, మీ ముగ్గురికి తలా రెండు చొప్పున చేరాయి. అవి ఎవరివి వారి సొంతం. మిగిలిన పన్నెండు ఎకరాలు ఇప్పటికీ అవిభక్త కుటుంబానివే. ఊహించిన పంపకం వాటా తేల్చడానికే గాని దానంతట అది కుటుంబాన్ని విడగొట్టదని 1985లో మహారాష్ట్ర నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ పొయ్యిలు వేరైనా, తమ్ముడు బెంగళూరులో ఉన్నా అది ఆస్తి విభజన కాదు. ఏటా కాయల డబ్బు అమ్మ చేతికి ఇస్తున్నామన్న మీ మాట ఉమ్మడికి మంచి సాక్ష్యం.

చివరగా, కర్త మీరు కారు. అందరిలో పెద్ద కోపార్సినర్ మీ అక్కగారు. ఆడపిల్ల కర్త కావచ్చునని ఢిల్లీ హైకోర్టు 2015లోనే తీర్పు ఇచ్చింది. మిగిలినవారు ఒప్పుకుంటే చిన్నవారు కర్తగా వ్యవహరించడానికి అభ్యంతరం లేదని సుప్రీంకోర్టు 1976లో ఒక పన్ను కేసులో చెప్పింది కనుక, ఆమె సమ్మతితో మీరు చేయవచ్చు. ఆ సమ్మతిని కాగితం మీద తీసుకోండి. అమ్మగారు కుటుంబ సభ్యురాలే గాని కోపార్సినర్ కారు కాబట్టి కర్త కాలేరు.

అనంత ఆడిటర్ (అనంతపురం):

వకీలు గారు భూమిని విడదీశారు కనుక నేను రూపాయలను విడదీస్తాను. ఎకరా ముప్ఫై వేల లెక్కన పన్నెండు ఎకరాల కుటుంబ భాగానికి 3,60,000, మిగిలిన ఎనిమిది ఎకరాలకు 2,40,000, అంటే నలుగురికీ తలా 60,000. 2025–26 ఆర్థిక సంవత్సరపు కొత్త విధానంలో హెచ్‌యూఎఫ్‌కు కూడా నాలుగు లక్షల దాకా పన్ను లేదు కనుక కుటుంబానికి పన్ను సున్నా. అమ్మగారికి సున్నా. మీ ఆదాయం 12,20,000 అవుతుంది. పన్నెండు లక్షలు దాటినందుకు పూర్తి పన్ను 63,000 పడవలసి ఉన్నా, దాటిన మొత్తానికి మించి పన్ను వేయకూడదన్న ఉపశమనం ఉంది కాబట్టి 20,000, సెస్సుతో 20,800 కడితే సరిపోతుంది. మీరు భయపడిన 1,58,080 ఎక్కడ, ఇది ఎక్కడ?

అసలు హెచ్‌యూఎఫ్ లేదనుకుని, వాటాల ప్రకారం ఎవరిది వారు చూపినా, మీకు వచ్చేది ఆరు ఎకరాల కౌలు 1,80,000 మాత్రమే. అప్పుడు పన్ను 84,240. కనుక ఆరు లక్షలూ మీ పాన్ మీద వేయమన్న ఆ కంపెనీ మనిషి సలహా ఏ లెక్కలోనూ సరికాదు. కంపెనీ కౌలులో నుంచి పన్ను మినహాయిస్తే అది ఎవరి పాన్ ఇచ్చారో వారి పేరుననే జమ అవుతుంది, ఆదాయమూ వారిదేనని శాఖ అడుగుతుంది. లీజు పత్రంలోనే కుటుంబ భాగం, నలుగురి సొంత భాగాలు సర్వే నంబర్ల వారీగా వేరుగా రాయించండి.

హెచ్‌యూఎఫ్ గురించి జనంలో ఉన్న పెద్ద అపోహ ఒకటి చెప్పాలి. పన్నెండు లక్షల దాకా పన్ను లేదన్న 87ఏ రిబేటు నివాసి అయిన వ్యక్తికే గాని హెచ్‌యూఎఫ్‌కు లేదు. నాలుగు లక్షలు దాటిన మొదటి రూపాయి నుంచే దానికి అయిదు శాతం మొదలవుతుంది. వేరే ఆదాయం లేని అమ్మగారి చేతిలో పది లక్షలు ఉన్నా పన్ను పడదు, అదే పది లక్షలు హెచ్‌యూఎఫ్ చేతిలో ఉంటే పడుతుంది. ఈ రిబేటు పెరిగిన తరువాత చిన్న కుటుంబాలకు హెచ్‌యూఎఫ్ వల్ల కలిగే లాభం బాగా తగ్గిపోయిందని నా అభిప్రాయం. మీ విషయంలో మాత్రం అది లాభం కోసం పెట్టుకునేది కాదు. ఆ పన్నెండు ఎకరాలు కుటుంబానివి కాబట్టి చూపక తప్పదు.

సోలార్ పలకలు పరిచిన నేల మీద వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయం కాదు. పొలాన్ని సేద్యానికి కౌలుకిస్తే వచ్చే డబ్బుకు ఉన్న మినహాయింపు దీనికి లేదు. భవనం లేని ఖాళీ నేల గనుక ఇంటి అద్దెకు ఇచ్చే ముప్ఫై శాతం తగ్గింపూ రాదు, ‘ఇతర మార్గాల ఆదాయం’ కింద చూపాలి. రేపు ఎప్పుడైనా అమ్మదలిస్తే ఇంకొక చిక్కు ఉంది. పట్టణానికి దూరంగా ఉన్న సాగుభూమి మూలధన ఆస్తి కాదు కనుక అమ్మకం లాభంపై పన్ను ఉండదు. ఏళ్ల తరబడి సాగు ఆగిపోయిన నేలను సాగుభూమి అని వాదించడం కష్టం.

పాన్ దరఖాస్తుతో పాటు కర్త ఇచ్చే అఫిడవిట్‌లో కోపార్సినర్లందరి పేర్లు, వారి తండ్రుల పేర్లు, చిరునామాలు ఉండాలి. అక్కగారి పేరు వదిలేయకండి. చాలామంది వదిలేస్తారు. పుట్టినతేదీ గడిలో కుటుంబం ఏర్పడిన తేదీ రాయాలి. పిత్రార్జిత కుటుంబానికి తేదీ తెలియకపోతే 01-01-0001 అని రాయవచ్చునని సూచనల్లోనే ఉంది. ఈ తేదీ చూసి మా దగ్గర కంప్యూటరు ముందు కూర్చునే అబ్బాయి ఒకసారి తప్పు పడిందనుకుని దిద్దబోయాడు. వచ్చిన పాన్‌లో నాలుగో అక్షరం మీ దానిలో ఉన్న ‘పి’ బదులు ‘హెచ్’ ఉంటుంది.

మొదటి రిటర్ను వేసే ముందు ఒక్క విషయం నలుగురూ కూర్చుని తేల్చుకోండి. ఒకసారి హెచ్‌యూఎఫ్‌గా పన్ను లెక్క మొదలైతే, తరువాత పంచుకున్నప్పుడు ఆదాయపు పన్ను చట్టం 171వ సెక్షన్ కింద అధికారి ఆ పంపకాన్ని నమోదు చేసేదాకా కుటుంబం ఉమ్మడిగానే లెక్క. 1978 డిసెంబరు 31 తరువాతి పాక్షిక పంపకాలను చట్టం గుర్తించదు. అంటే, తమ్ముడికి ఒక్కడికి తన నాలుగు ఎకరాలు ఇచ్చేసి మిగిలినవారు ఉమ్మడిగా సాగుతామంటే శాఖ లెక్కలో అది చెల్లదు. పంచుకునే ఉద్దేశం ఉంటే లీజుకు ముందే మొత్తం పంచుకోవడం తేలిక. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల అంకెలు వేరు. నేను అలవాటు కొద్దీ పాతవే రాశాను.

బ్యాంకు గుమాస్తా (కడప):

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా జీతంతో కడపలో కొన్న ఇల్లు ఒకటి అద్దెకు ఇచ్చాను. దానిని మా హెచ్‌యూఎఫ్‌లో కలిపేస్తే అద్దె దాని ఆదాయం అవుతుందా? మా మేనమామ కూడా హెచ్‌యూఎఫ్‌కు రెండు లక్షలు బహుమతిగా ఇస్తానంటున్నాడు.

అనంత ఆడిటర్ (అనంతపురం):

కలపడానికి ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది. చదువుతో సంపాదించినది ఎవరిది వారిదేనని 1930 నాటి చట్టం చెప్పినా, ఇష్టపడి దానిని ఉమ్మడిలో వేయడానికి అడ్డు లేదు. పన్ను చట్టం మాత్రం ఒప్పుకోదు. 1969 డిసెంబరు 31 తరువాత సభ్యుడు తన సొంత ఆస్తిని కుటుంబంలో కలిపితే, దానిపై వచ్చే ఆదాయాన్ని 64(2) సెక్షన్ కింద మళ్లీ ఆ సభ్యుడికే కలుపుతారు. అద్దె తిరిగి మీ రిటర్నులోకే వస్తుంది, ఇల్లు మాత్రం మీ చేతి నుంచి పోతుంది. మేనమామగారు మీకు బంధువు గాని, మీ హెచ్‌యూఎఫ్‌కు కారు. హెచ్‌యూఎఫ్‌కు దాని సభ్యులే బంధువులు. ఏడాదిలో బయటివారి నుంచి వచ్చినది యాభై వేలు దాటితే మొత్తం మీద పన్ను పడుతుంది. పైన ఒకరు చెప్పిన బహుమతుల పద్ధతి ఇక్కడే చిక్కుకుంటుంది.

బట్టలకొట్టు (ప్రొద్దుటూరు):

లెక్కలు చెప్పినవారిని కాదనను గాని, మాస్టారుగారు నా అనుభవం కూడా వినాలి. మాకు తాతల నాటి రెండు కొట్లు ఉన్నాయి. 2011లో మా నాన్న కర్తగా హెచ్‌యూఎఫ్ పాన్ తీసి, అద్దెలన్నీ ఆ ఖాతాలో వేయించాం. ఏడేళ్లు పన్ను బాగానే మిగిలింది. నాన్న పోయిన మరునాడే ఖాతా ఆగిపోయింది. కొత్త కర్త ఎవరో సభ్యులందరూ సంతకాలు చేసి ఇస్తేగాని తెరవమని బ్యాంకు వాళ్లు అన్నారు. వాళ్ల తప్పు లేదు. తప్పు మాది. 2011 అఫిడవిట్‌లో ఇద్దరు చెల్లెళ్ల పేర్లూ రాయలేదు. పెళ్లయి వెళ్లిపోయారు కదా అనుకున్నాం.

ఆ కాగితం పెద్ద చెల్లెలి చేతికి వెళ్లింది. ‘నన్ను ఇంటి మనిషిగా కూడా రాయలేదా అన్నా’ అని ఒక్క మాట అడిగింది. ఆ తరువాత పధ్నాలుగు నెలలు మా ఇంటి గడప తొక్కలేదు. అంతకాలమూ అద్దెల డబ్బు ఖాతాలోనే ఉంది. మునిసిపల్ పన్ను మాత్రం నా జేబులో నుంచి కట్టాను. చివరికి కొత్త అఫిడవిట్ రాసి, అయిదుగురం సంతకాలు చేశాక కదిలింది. పన్ను రూపంలో ఏడేళ్లలో మిగిలినదెంతో నేనింకా కూడలేదు, కూడాలని కూడా లేదు. మాస్టారుగారి అక్కగారు మా ఊళ్లోనే ఉన్నారంటున్నారు. ఫోనులో చెప్పకుండా కాగితాలు తీసుకుని మీరే రండి.

మెట్టపొలం మాస్టారు (పత్తికొండ):

అందరికీ వందనాలు. శనివారం ప్రొద్దుటూరు వెళ్లి వచ్చాను. పారికత్తు నకలు, వకీలు గారి లెక్క రాసిన కాగితం అక్క ముందు పెట్టాను. పన్నెండు, ఎనిమిది, తలా రెండు అన్న అంకెలు చూసి, అమ్మకు రెండెకరాలేనా అని మొదట అడిగింది. తన వాటా సంగతి ఆ తరువాతే వచ్చింది. కర్త నువ్వే అని చెబితే నమ్మలేదు, బావ రెండుసార్లు చదివి వినిపించాడు. తనకు తిరగడం కష్టమని, నన్నే చేయమని సమ్మతి రాసి ఇస్తానంది. అమ్మ రెండెకరాల కౌలు అమ్మ ఖాతాకే నేరుగా పడాలన్నది ఆమె పెట్టిన షరతు.

పంచుకోవడమా, ఉమ్మడిగా ఉంచడమా అన్నది తమ్ముడు సంక్రాంతికి వచ్చినప్పుడు కూర్చుని తేలుస్తాం. అప్పటిదాకా ఏ రిటర్నూ వేయను. కంపెనీ మనిషికి, లీజు పత్రంలో అయిదు పార్టీలు ఉంటాయని, ఒకటి కుటుంబం, నలుగురు మనుషులని చెప్పాను. వాళ్ల ఫారంలో రెండు గడులే ఉన్నాయన్నాడు. కాగితం పెద్దది తెమ్మన్నాను.

వకీలు గారూ, ఒక సందేహం మిగిలింది. పదహారు ఎకరాల్లో వంక పక్కనున్న సర్వే నంబరులో కొంత భూమి కోతకు పోయింది. అడంగల్‌లో (గ్రామ భూమి లెక్కల పుస్తకంలో) పాత విస్తీర్ణమే ఉంది. పత్రం రాసే ముందు కొలత వేయించుకోవాలా?

సివిల్ వకీలు (కర్నూలు):

తప్పకుండా వేయించండి. సచివాలయంలో సర్వేయరుకు దరఖాస్తు పెట్టి, చిన్నాయనగారి పిల్లలకు కూడా నోటీసు వెళ్లేట్టు చూడండి. పడమటి హద్దు వారిదే కదా. వచ్చిన విస్తీర్ణాన్ని బట్టి వాటాలు దామాషాగా తగ్గించి రాస్తే సరిపోతుంది.